పీపీఆర్ పైపుల హీటింగ్ మెషిన్: ఏది కొనాలి, జాయింటు ఎలా వేయాలి

పీపీఆర్ (వేడితో కరిగించి అతికే పాలీప్రొపిలీన్ ప్లాస్టిక్ పైపు) లైన్లో లీకయ్యే జాయింటుతో పెద్ద భయం లేదు. టెస్టింగ్ రోజే బయటపడుతుంది, కోసేసి మళ్లీ వేసుకుంటాం. అసలు తలనొప్పి లీకు కాని చెడ్డ జాయింటుతోనే. పైపును అవసరానికి మించి కాల్చి, బలమంతా పెట్టి ఎల్బోలోకి తోస్తే కరిగిన ప్లాస్టిక్ లోపలికి పొంగి నీటి దారిని మూసేస్తుంది. బయట నుంచి చూస్తే జాయింటు దిట్టంగా ఉంటుంది, ప్రెషర్ టెస్టులో ముల్లు కదలదు. టైల్స్ వేసి గ్రౌటింగ్ కూడా అయ్యాక షవర్ తిప్పితే నీళ్లు సన్నగా వస్తాయి. అప్పుడు ట్యాంకు ఎత్తు చాలలేదనుకుని సర్దుకుపోవడమే తప్ప గోడ పగలగొట్టే ధైర్యం ఎవరికీ రాదు.

"బాగా కాలిస్తే బాగా అతుక్కుంటుంది" అని సైట్ల మీద తరచూ వింటుంటాం. పీపీఆర్ విషయంలో ఆ మాట నమ్మకండి. ఇక్కడ చేతి బలంతో పనిలేదు. డై (పైపునూ ఫిట్టింగునూ కాల్చే మెషిన్ అచ్చు) మీద సరైన వేడి ఉండాలి, సెకన్ల లెక్క తప్పకూడదు. మెషిన్ ఎంచుకునేటప్పుడు కూడా ఈ రెంటినీ దృష్టిలో పెట్టుకునే చూడాలి.

ముందు పైపు ఏదో తేల్చుకోండి

మన ఇళ్లలో బాత్రూం లైన్లు ఎక్కువగా సీపీవీసీ. అది, తెల్లటి యూపీవీసీ, రెండూ గమ్ముతో అతికేవి. వాటిని పొరపాటున కూడా హీటింగ్ మెషిన్ మీద పెట్టకండి. పీవీసీ జాతి పైపు ఆ వేడికి మాడి, కళ్లు గొంతు మండించే ఆమ్లపు పొగ వదులుతుంది. డై మీద పూత కూడా పాడవుతుంది.

పీపీఆర్ అనగానే ఆకుపచ్చ రంగే గుర్తొస్తుంది కానీ తెల్లవి, బూడిద రంగువి కూడా ఉన్నాయి. కాబట్టి రంగు చూసి నిర్ణయించకండి, పైపు మీద ప్రింటు చదవండి. మన దేశంలో పీపీఆర్ పైపుల ప్రమాణం ఐఎస్ 15801. ఆ నంబరు, సైజు, పీఎన్ అంకె (ఎన్ని బార్ల ప్రెషర్‌కు చేసిన పైపో చెప్పేది) పైపు పొడవునా ముద్రించి ఉంటాయి. వేడి నీళ్లకు పీఎన్ 20 తీసుకోండి, చన్నీళ్లకు పీఎన్ 16 కూడా సరిపోతుంది. పీఎన్ 10 గోడ బాగా పలుచన. కాస్త ఎక్కువ కాలినా మూతి లోపలికి ముడుచుకుపోతుంది కాబట్టి కొత్తగా నేర్చుకునేవాళ్లు దాని జోలికి పోకపోవడమే మంచిది.

బోరు మోటార్లకు, పొలాలకు వాడే నల్లటి హెచ్‌డీపీఈ పైపుల్లో చిన్న సైజులను కూడా ఇలాంటి మెషిన్‌తోనే సాకెట్ వెల్డింగ్ చేయవచ్చు. కానీ హెచ్‌డీపీఈ పైపు పీపీఆర్ ఫిట్టింగులో అతకదు. అంటుకున్నట్టే కనిపించి తర్వాత ఊడిపోతుంది. రెంటినీ కలపాలంటే మర ఉన్న ఫిట్టింగులే దారి. పెద్ద సైజు హెచ్‌డీపీఈ పైపులను మూతికి మూతి ఆనించి అతికే బట్ వెల్డింగ్ మెషిన్ వేరే ఉంటుంది, దాని సంగతి ఇక్కడ ఎత్తుకోవడం లేదు.

సైజు దగ్గర చాలామంది తికమకపడతారు. షాపులో అరంగుళం అంటే 20 ఎం.ఎం., ముప్పావు అంటే 25, అంగుళం అంటే 32 ఇస్తారు. ఇవి బయటి కొలతలు. పీఎన్ 20 పైపు గోడ మందంగా ఉంటుంది కాబట్టి 20 ఎం.ఎం. పైపులో నీళ్లు పారే దారి సుమారు 13 ఎం.ఎం. మాత్రమే, 25లో 16.6. అసలే ఇరుకైన ఆ 13 ఎం.ఎం. దారిలోకి రెండు వైపుల నుంచీ రెండేసి ఎం.ఎం. ప్లాస్టిక్ పొంగితే మిగిలేది 9. వైశాల్యం లెక్కన సగానికి పైగా పోయినట్టే. అందుకే బాత్రూంకి వచ్చే మెయిన్ లైను 25లో వేసి, కుళాయి దగ్గరికి వెళ్లే చివరి ముక్కలకే 20 వాడమంటాను.

మెషిన్ కొనేటప్పుడు

సొంతింటికి ఒక్కసారి వాడి పక్కన పెట్టేవాళ్లయితే అద్దెకు తెచ్చుకోండి, లేదా 20 నుంచి 32 ఎం.ఎం. వరకు డైలు వచ్చే చిన్న మెషిన్ చాలు. ఇవి 600 నుంచి 800 వాట్లలో దొరుకుతాయి. ప్లంబింగే వృత్తి అయితే 63 వరకు డైలు పట్టేది తీసుకోండి. వాట్లు ఎక్కువున్నంత మాత్రాన జాయింటు గట్టిగా రాదు. డై త్వరగా వేడెక్కుతుంది, ఒకదాని తర్వాత ఒకటి వేస్తున్నప్పుడు వేడి పడిపోకుండా నిలబెడుతుంది, అంతే.

వాట్ల గురించి ఆలోచించేటప్పుడు మీ సైటులో కరెంటు ఎలా ఉందో కూడా చూసుకోండి. కట్టుబడిలో ఉన్న ఇంటికి దూరం నుంచి లాగిన వైరు మీద 230 వోల్టుల బదులు 180 అందడం మామూలే. వోల్టేజి అంత తగ్గితే హీటరు శక్తి సుమారు 61 శాతానికి పడిపోతుంది. 800 వాట్ల మెషిన్ 490 వాట్లదైపోతుంది. మొదటి నాలుగు జాయింట్లు బాగానే వచ్చి, ఆ తర్వాతవి సరిగా కరగకపోవడానికి చాలాచోట్ల కారణం ఇదే. 1500 వాట్ల మెషిన్ ఆరున్నర ఆంపియర్లు లాగుతుంది కాబట్టి దాన్ని చిన్న 6 ఆంపియర్ల ప్లగ్గులో గుచ్చకండి, పవర్ ప్లగ్గు కావాలి. ఎక్స్‌టెన్షన్ వైరు కనీసం 1.5 స్క్వేర్ ఎం.ఎం.ది ఉండాలి, దూరం ఎక్కువైతే 2.5. ఎర్తింగ్ లేకుండా అసలు వాడకండి. బయటంతా లోహం, పక్కన తడి నేల.

పెట్టె విప్పాక ముందు థర్మోస్టాట్ చూడండి. చవక మెషిన్లలో తిప్పే నాబు ఉంటుంది. హీటరు ఆరి మళ్లీ వెలిగే మధ్యలో వేడి చాలా కిందికీ పైకీ ఊగుతుంది. డిజిటల్ కంట్రోలు ఉన్నది కొంత ఎక్కువ ధరైనా, డబ్బు పెట్టాల్సింది అక్కడే. అయితే తెర మీద కనిపించే అంకె ప్లేటులోని సెన్సరుది, డై మూతి దగ్గరి వేడి దానికన్నా తక్కువ ఉండొచ్చు. వృత్తిగా చేసేవాళ్లు ఆనించి చూసే థర్మామీటరు ఒకటి దగ్గర పెట్టుకుంటే మంచిది. దూరం నుంచి లేజరు చుక్కతో చూపే రకం మెరిసే ఉపరితలాల మీద తప్పు చూపిస్తుంది.

తర్వాత డైలు. ఒక పైపు ముక్క, ఒక కప్లింగ్ (రెండు పైపులను కలిపే ఫిట్టింగు) వెంట తీసుకెళ్లి కౌంటరు దగ్గరే చల్లగా ఉన్న డైలో పెట్టి చూడండి. పైపు చల్లగా ఉన్నప్పుడు డైలోకి సులువుగా చివరిదాకా జారిపోకూడదు. కప్లింగ్ కూడా మగ డై (ఫిట్టింగు లోపలికి దూరేది) మీద వదులుగా కూర్చోకూడదు. వదులుగా ఉంటే కాల్చేటప్పుడు పైపు చుట్టూ సమంగా ఆనదు, ఒక పక్క కరిగి ఒక పక్క పచ్చిగా ఉంటుంది. టెఫ్లాన్ పూత మీద గీతలు, బుడగలు లేకుండా చూసుకోండి. హైదరాబాద్ రాణిగంజ్ లాంటి హార్డ్‌వేర్ మార్కెట్లలో డైలు విడిగా కూడా అడిగి చూడవచ్చు. మెషిన్ బాగుండి డైలు అరిగిపోతే వాటినే మార్చుకుంటే సరిపోతుంది. రోథెన్‌బర్గర్, రిట్మో, డైట్రాన్ లాంటి యూరప్ కంపెనీల మెషిన్లు ఖరీదైనవే. రోజూ వాడేవాళ్లకే అంత పెట్టడంలో అర్థం ఉంది.

స్టాండు బలంగా ఉందో లేదో చూడడం చాలామంది మరిచిపోతారు. 260 డిగ్రీల లోహం కింద పడితే కాలో, వైరో పోతుంది. కేబుల్ రబ్బరుదైతే నయం, మామూలు ప్లాస్టిక్ వైరుకు వేడి డై తగిలితే క్షణంలో ఒలిచినట్టవుతుంది.

వేడి పెట్టడం

డైలను చల్లగా ఉన్నప్పుడే బిగించండి. మరీ గట్టిగా కాదు, ప్లేటుకు ఆనేలా ఉంటే చాలు. వేడెక్కాక మళ్లీ ఒకసారి ఆలెన్ కీతో బిగించాలి, లేదంటే డైకి ప్లేటుకి మధ్య సందు పడి వేడి అందదు. 40 పైన సైజులను ప్లేటు చివర్లో కాకుండా పిడివైపు వెనక రంధ్రానికి బిగించండి.

సెట్టింగ్ 260 డిగ్రీలు. పది అటూ ఇటూ అయితే ఫర్వాలేదు. లైటు మొదటిసారి ఆరగానే పని మొదలుపెట్టేయకండి. అది ప్లేటు వేడెక్కిందని చెబుతుంది, డై సంగతి చెప్పదు. ఆరి, వెలిగి, రెండోసారి ఆరేదాకా ఆగండి. మధ్యలో డై మార్చితే ఐదు నిమిషాలు వదిలేయండి. కొత్త మెషిన్ మొదటిసారి కాస్త పొగ వదులుతుంది, ఆ ఒక్కసారి ఆరుబయట వేడి చేయండి. జాయింట్లు వేసేటప్పుడు మాత్రం ఫ్యాను గాలి, డాబా మీది ఈదురు గాలి డైకి తగలకుండా అడ్డు పెట్టుకోవాలి.

పైపును కాల్చే ముందు ప్రతిసారీ ఒక పాత గుడ్డతో డైని తుడవండి. నూలు గుడ్డే వాడాలి, పాలిస్టరు గుడ్డ డైకే అంటుకుపోతుంది. మసి, కరిగిన తొక్క ఉంటే చెక్క పుల్లతో తీయాలి. స్క్రూడ్రైవరుతో గీకితే పూత లేచిపోతుంది, ఆపైన ప్రతి పైపూ అక్కడ అతుక్కుంటుంది.

జాయింటు వేయడం

పైపును కత్తెర కట్టరుతో నిటారుగా కోయండి. ఏటవాలుగా కోస్తే ఒక పక్క లోతుగా, ఒక పక్క పైపైన అతుకుతుంది. యాక్సా బ్లేడుతో కోస్తే అంచున పీచు మిగులుతుంది, దాన్ని చాకుతో శుభ్రం చేయాలి. తర్వాత పైపు కొన, ఫిట్టింగు లోపల పొడి గుడ్డతో తుడవండి. సిమెంటు దుమ్ము ఉంటే అది జాయింటులో ఇరుక్కుంటుంది. తడి ఉంటే ఇంకా దారుణం, నీటిచుక్క ఆవిరై కరిగిన పొరలో బుడగ కట్టిస్తుంది. అల్యూమినియం పొర ఉన్న పైపయితే ఆ పొరను దానికోసమే అమ్మే షేవరుతో ముందు చెక్కేయాలి.

ఇప్పుడు లోతు గుర్తు. ఫిట్టింగు సాకెట్ లోపల లోతు కొలిచి, ఒక ఎం.ఎం. తక్కువగా పైపు మీద పెన్సిలుతో గీత పెట్టండి. కంపెనీని బట్టి కొంచెం మారుతుంది గానీ 20 పైపుకు సుమారు 14, 25కి 15 నుంచి 16, 32కి 17 నుంచి 18 ఎం.ఎం. వస్తుంది. చేయి తిరిగినవాళ్లు ఈ గీత పెట్టరు. లోపలికి పొంగిన జాయింట్లలో ఎక్కువ భాగం ఈ గీత లేనివే. ఎల్బో, టీ ఏ వైపు తిరగాలో కూడా పైపు మీదా ఫిట్టింగు మీదా ఎదురెదురుగా చిన్న గీతలు పెట్టుకోండి.

ఫిట్టింగును మగ డై మీదికి, పైపును ఆడ డైలోకి ఒకేసారి నెమ్మదిగా తోయండి. తిప్పకూడదు. పైపు గీత దగ్గరికి, ఫిట్టింగు డై అంచుకి చేరాకే లెక్క మొదలవుతుంది. తోయడం మొదలుపెట్టినప్పటి నుంచి లెక్కపెట్టడమే కాల్పు తప్పడానికి అసలు కారణం. గీత దగ్గర ఆగిపోండి, డై అడుగు తగిలేదాకా నొక్కితే పైపు మూతి ముడుచుకుంటుంది.

లెక్కలు ఇవి. జర్మన్ వెల్డింగ్ సంఘం డీవీఎస్ మార్గదర్శకం నుంచి వచ్చినవి, చాలా పైపు కంపెనీలు వీటినే ముద్రిస్తాయి. మీ పైపు కంపెనీ పట్టిక వేరుగా ఉంటే దాన్నే పాటించండి.

20 ఎం.ఎం.: కాల్పు 5 సెకన్లు, కలపడానికి 4 సెకన్ల లోపు, చల్లారడానికి 2 నిమిషాలు
25 ఎం.ఎం.: కాల్పు 7 సెకన్లు, కలపడానికి 4 సెకన్ల లోపు, చల్లారడానికి 2 నిమిషాలు
32 ఎం.ఎం.: కాల్పు 8 సెకన్లు, కలపడానికి 6 సెకన్ల లోపు, చల్లారడానికి 4 నిమిషాలు
40 ఎం.ఎం.: కాల్పు 12 సెకన్లు, కలపడానికి 6 సెకన్ల లోపు, చల్లారడానికి 4 నిమిషాలు
50 ఎం.ఎం.: కాల్పు 18 సెకన్లు, కలపడానికి 6 సెకన్ల లోపు, చల్లారడానికి 4 నిమిషాలు
63 ఎం.ఎం.: కాల్పు 24 సెకన్లు, కలపడానికి 8 సెకన్ల లోపు, చల్లారడానికి 6 నిమిషాలు

సెకను అంటే సెకనే, ఒకటి రెండు మూడు అని గబగబా చదివేయడం కాదు. "వెయ్యిన్నొకటి, వెయ్యిన్రెండు" అని నిదానంగా పలికితే దాదాపు సరిపోతుంది. ఫోనులో స్టాప్‌వాచ్ పక్కన పెట్టుకుంటే ఇంకా మేలు.

సమయం అయ్యాక రెంటినీ ఒకేసారి నిటారుగా లాగి, గీతలు ఎదురెదురు పెట్టి, మెలి తిప్పకుండా ఒక్క ఊపులో లోతు గుర్తు దాకా నెట్టండి. కాస్త వంకర కనిపిస్తే మొదటి ఒకటి రెండు సెకన్లలోనే సరిచేయాలి. 20 సైజును 6 సెకన్లు, 25, 32 సైజులను 10 సెకన్లు, పెద్దవాటిని 20 నుంచి 30 సెకన్లు చేత్తో కదలకుండా పట్టుకోండి. ఆ తర్వాత వదిలేయవచ్చు కానీ పైన చెప్పిన చల్లారే సమయం అయ్యేదాకా దాని మీద బరువు, లాగుడు పడకూడదు. తొందరపడి నీళ్లు పోయకండి. పైన చల్లబడి లోపల వేడిగా ఉండిపోయి పగుళ్లు వస్తాయి.

జాయింటు చుట్టూ సన్నటి ఉంగరం లాంటి కట్ట సమంగా కనిపించాలి. ఒక పక్కే ఉంటే పైపు ఏటవాలుగా వెళ్లింది. అసలు లేకపోతే కాల్పు చాలలేదు. మరీ లావుగా ఉంటే ఎక్కువైంది, లోపల కూడా అంతే పొంగి ఉంటుంది.

కోసి చూడండి

అసలు లైను మొదలుపెట్టే ముందు, ఆ రోజు వాడబోయే పైపుతో ఆ సైటు కరెంటు మీదే రెండు మూడు శాంపిల్ జాయింట్లు వేయండి. చల్లారాక యాక్సా బ్లేడుతో నిలువునా రెండుగా చీల్చండి. కోసిన ముఖంలో పైపు ఎక్కడ ముగిసి ఫిట్టింగు ఎక్కడ మొదలైందో గీత కనిపించకపోతే సరిగ్గా కలిసింది. సన్నగా గీత కనిపిస్తే, దానిలో చాకు కొన పెట్టి తిప్పండి. విడిపోతే కాల్పు చాలలేదు లేదా డై వేడి తక్కువ. తర్వాత లోపలి దారి చూడండి. పైపు కొన దగ్గర పెదవిలా చిన్న మడత ఉండడం సహజమే. అది పైపు గోడ మందంలో సగం దాటి లోపలికి వచ్చిందంటే సెకన్లు తగ్గించకండి, ముందు లోతు సరిచేయండి, ఆ తర్వాత డై వేడి కొలవండి. కంపెనీ పట్టిక పాటించినా పొంగుతోందంటే చాలాసార్లు తప్పు తోయడంలోనే ఉంటుంది.

మేస్త్రీతో చేయించుకుంటున్నా ఈ శాంపిల్ అడగడానికి మొహమాటపడకండి. మంచి పనివాడు సంతోషంగా కోసి చూపిస్తాడు.

గోడ గాడిలో వేసేటప్పుడు

బల్ల మీద జాయింటు వేయడం ఎవరికైనా వచ్చేస్తుంది, ఇబ్బందంతా గోడ మూలలోనే. పైపుకీ ఫిట్టింగుకీ మధ్యలోకి మెషిన్ రెండు డైలతో సహా దూరాలి. కాల్చాక దాన్ని తీయడానికి రెండు ముక్కలూ వెనక్కి జరగాలి. అందుకే వీలైనన్ని జాయింట్లు కిందే వేసి, అల్లిన చట్రాన్ని గాడిలోకి ఎక్కించండి. గోడ మీద వేయాల్సిన జాయింట్లు ఏవో ముందే కాగితం మీద గీసుకుని, ఆ చోట పైపు ఒక పక్కకు వంగేంత స్వేచ్ఛ వదలండి. రెండు వైపులా బిగిసిపోయిన చోటికి యూనియన్ (మరతో విప్పి బిగించగల జాయింటు) వేయడమే తెలివైన పని. గోడ దగ్గర ఇద్దరు మనుషులుండాలి, ఒకరు మెషిన్, ఒకరు పైపు.

వాల్ మిక్సర్ పాయింట్ల మధ్య దూరం కేంద్రం నుంచి కేంద్రానికి 150 ఎం.ఎం. పెట్టండి, మట్టం చూసుకోండి. ఇత్తడి మర ఉన్న ఎల్బోను కాల్చేటప్పుడు ఇత్తడి భాగం కూడా వేడెక్కుతుంది, చేత్తో పట్టుకునేటప్పుడు జాగ్రత్త.

డాబా మీద సోలార్ లైను వేస్తుంటే పీపీఆర్ వేడికి ఎంత సాగుతుందో లెక్క వేసుకోవాలి. ప్రతి మీటరుకూ ఒక డిగ్రీకి 0.15 ఎం.ఎం. చొప్పున, పది మీటర్ల పైపు 40 డిగ్రీలు వేడెక్కితే 60 ఎం.ఎం. సాగుతుంది. నేరుగా బిగించేస్తే పాములా మెలికలు తిరుగుతుంది. మలుపులిచ్చి, క్లాంపులు కొన్నిచోట్ల వదులుగా పెట్టాలి. గ్లాస్ ఫైబర్ పొర ఉన్న పైపు అయితే సాగుడు చాలా తగ్గుతుంది. ఎండ తగిలే చోట ఇన్సులేషన్ చుట్టడం తప్పనిసరి, మామూలు పీపీఆర్ ఎండకు పెళుసు బారుతుంది. సోలార్ ట్యాంకు నుంచి బయటికి వచ్చే మొదటి ముక్క మాత్రం లోహపు పైపు వేయించండి, వేసవిలో వాడకం లేని రోజు అక్కడి నీళ్లు మరిగే దాకా పోతాయి.

టెస్టింగ్

చివరి జాయింటు తర్వాత కనీసం గంట ఆగి, లైనులో గాలి పూర్తిగా పోయేలా నీళ్లు నింపి, చేతి పంపుతో ప్రెషర్ ఎక్కించండి. మూడంతస్తుల మీది ట్యాంకు కింది అంతస్తులో ఇచ్చేది సుమారు ఒక బార్ మాత్రమే, పది మీటర్ల ఎత్తుకు ఒక బార్ లెక్కన. ట్యాంకు నింపి చూసి సరిపెట్టుకుంటే సన్నటి లోపాలు దొరకవు. పైపు కంపెనీ చెప్పిన టెస్ట్ ప్రెషర్ పెట్టండి. పెట్టిన కొద్దిసేపటికి ముల్లు కాస్త దిగితే కంగారు వద్దు, ప్లాస్టిక్ పైపు కొంచెం ఉబ్బుతుంది. మళ్లీ ఎక్కించాక కూడా దిగుతూనే ఉంటే లీకు వెతకాలి.

ఇది ఒక సగం. రెండో సగం చాలామంది చేయరు: ప్రతి పాయింటునూ ఒక్కొక్కటిగా తెరిచి, ఒకే బకెట్ నిండడానికి ఎంతసేపు పడుతుందో చూడండి. ఒకే ఎత్తులో ఉన్న పాయింట్లలో ఒకటి మిగతావాటికన్నా బాగా నెమ్మదిగా నింపితే, ఆ దారిలో ఎక్కడో జాయింటు లోపలికి పొంగింది. గాడి మూసే ముందే దాన్ని కోసి మార్చేయండి. ఆపైన గోడ ఫొటోలు తీసుకోండి, టేపు కొలతలు కనిపించేలా. తర్వాత అద్దం బిగించేవాడు డ్రిల్లు ఎక్కడ పెట్టకూడదో ఆ ఫొటోలు చూపిస్తే చాలు.

అయినా ఎవరో మేకు దించేశారనుకోండి, రంధ్రం పైపుకి ఒక పక్కే ఉంటే మొత్తం కోయక్కర్లేదు. పీపీఆర్ రిపేర్ పుల్ల, దానికి సరిపడే చిన్న డై అమ్ముతారు. లైనులో నీళ్లు పూర్తిగా తీసి, ఆ డై సైజుకు రంధ్రాన్ని డ్రిల్లుతో నున్నగా చేసి, అవతలి గోడ తగలకుండా చూసుకోవాలి. రంధ్రాన్నీ పుల్లనూ ఒకేసారి కొన్ని సెకన్లు కాల్చి, నిటారుగా దించి, చల్లారాక మిగిలిన పుల్లను కోసేయండి.

చేయి కాలితే టూత్‌పేస్టు, మజ్జిగ పూయకండి. ఇరవై నిమిషాల పాటు కుళాయి నీటి కింద పెట్టండి. కరిగిన ప్లాస్టిక్ చర్మానికి అంటుకుని ఉంటే పీకవద్దు, నీటి కింద చల్లార్చాక అది అలాగే ఉండగా ఆసుపత్రికి వెళ్లండి. పని చేసేటప్పుడు తోలు గ్లవ్స్ వేసుకోండి, నైలాన్‌వి వేడికి చేతికే అంటుకుంటాయి. పని అయ్యాక ప్లగ్గు తీసి, మెషిన్ స్టాండు మీదే పూర్తిగా చల్లారనిచ్చి, ఆ తర్వాతే పెట్టెలో పెట్టండి.